నేను ముందు చూసింది ముసలి రబాల్‌ని

అందరూ తమ హీరోని పడుచు వయసులో చూసి, ఆయన ముసలివాడవుతుంటే బెంగపెట్టుకుంటారు. స్పెయిన్ నటుడు ఫ్రాన్సిస్కో రబాల్ విషయంలో నాకు అంతా తిరగేసి జరిగింది. నేను ముందు చూసింది పళ్లూడిపోయి, గడ్డం మాసిపోయి, అతుకుల ప్యాంటుతో కాళ్లీడ్చుకుంటూ నడిచే ఒక పల్లెటూరి ముసలాయన్ని. ఆ మనిషి ఒకప్పుడు స్పెయిన్ తెరమీద పేరుమోసిన అందగాడని, బున్యుయెల్, ఆంటోనియోని లాంటి పెద్ద దర్శకులు ఏరికోరి పెట్టుకున్న కథానాయకుడని తెలిసేసరికి నాకు పెళ్లయి పిల్లలు కూడా పుట్టారు. స్పెయిన్‌లో ఆయన్ని ఎవరూ ఫ్రాన్సిస్కో అని పూర్తిగా పిలవరు. పాకో అంటారు. నేనూ మనసులో అలాగే అనుకుంటాను.

1980ల చివర్లో హైదరాబాద్‌లో చదువుకుంటున్న రోజులవి. మా ఊరివాడే, నాకంటే నాలుగు తరగతులు ముందున్న ఒక అన్న నన్ను ఫిల్మ్ క్లబ్బుకి తీసుకెళ్లేవాడు. రాయబార కార్యాలయాల నుంచి, పుణె నుంచి ప్రింట్లు వచ్చేవి. సైక్లోస్టైల్ చేసిన కాగితం మీద కథ నాలుగు ముక్కల్లో ఇచ్చేవాళ్లు. రీలు మారినప్పుడు లైట్లు వేసేవాళ్లు, అందరూ కళ్లు చికిలించుకుంటూ పక్కవాళ్లని చూసుకునేవాళ్లు. ఆ సాయంత్రం వేసిన సినిమా ‘లోస్ సాంతోస్ ఇనోసెంతెస్’, అంటే ‘పవిత్రులైన అమాయకులు’. మిగెల్ డెలీబెస్ 1981లో రాసిన నవలని మారియో కాముస్ 1984లో తీశాడు. ఆ కాగితం చూసి సగం మంది ఇదేదో చర్చి సినిమా అనుకున్నారు.

స్పెయిన్‌కి పడమటి వైపు, పోర్చుగల్ సరిహద్దున ఉండే ఎక్స్‌త్రెమదురా ప్రాంతం. కాలం 1960లు. నియంత ఫ్రాంకో పాలన నడుస్తోంది. ఒక పెద్ద భూస్వామి కుటుంబం, వాళ్ల పొలాల్లో పడి బతికే పాకో (రబాల్ కాదు, పాత్ర పేరే అది), రెగులా అనే ఆలుమగలు, వాళ్ల పిల్లలు. వాళ్లలో ఒక పాప మంచంలోంచి లేవలేదు, మాట రాదు, ఉండుండి ఒక కేక వేస్తుంది. దొరసాని ఎప్పుడో ఏడాదికోసారి వస్తే వాళ్లంతా వరసలో నిలబడి చిల్లర డబ్బులు అందుకుంటారు. చిన్న దొర ఇవాన్‌కి వేట పిచ్చి. పాకో అతని వెంట వేటకుక్కలా వెళ్లాలి. నిజంగానే నేలమీద ముక్కు ఆనించి, పడిన కౌజుపిట్ట ఎటు పోయిందో వాసన పట్టి చెప్తాడు. దొర ఆ విద్యని అతిథులకి గొప్పగా చూపించుకుంటాడు.

రెగులా అన్న అసరియాస్. ఆ పాత్రే రబాల్. బుద్ధి ఎదగని మనిషి. ఇంకొక దొర దగ్గర పనిచేసి, వయసైపోయాక వెళ్లగొడితే చెల్లెలింటికి వచ్చి పడతాడు. పక్షులంటే ప్రాణం. ఒక చిన్న కాకిజాతి పిట్టని సాకుతాడు. దాన్ని పిలిచే రెండే రెండు మాటలు, ‘మిలానా బొనీతా’, సినిమా అంతా ఆయన నోట్లో ఆడుతూనే ఉంటాయి. ఆ రెండు మాటలు ఇప్పటికీ స్పెయిన్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసంటే నమ్మాల్సిందే.

సినిమాలో ఒక చోట అసరియాస్ తన చేతుల మీదే మూత్రం పోసుకుంటాడు. అలా చేస్తే చేతులు పగలవని అతని నమ్మకం. హాల్లో కొందరు ఛీ అన్నారు, ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వలేదు. చలికాలం మా ఊళ్లో జీతగాళ్లు కాళ్ల పగుళ్లకి అదే వైద్యం చేసుకోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. దొర పశువుల్ని కాసే ఒక తాత ఉండేవాడు. అందరూ బర్రెల తాత అనేవాళ్లు, అసలు పేరు ఎవరూ పిలవగా వినలేదు. ఆయన మనుషులతో మాట్లాడింది తక్కువ, బర్రెలతో మాట్లాడింది ఎక్కువ. ఒక్కొక్క దానికి ఒక్కొక్క వరస పెట్టి పిలిచేవాడు. వాటి ముందు ఆయన గొంతు మారిపోయేది. ఆ మారిన గొంతే నాకు ఆ సాయంత్రం స్పానిష్‌లో వినిపించింది. అర్థం కాని భాషలో అంత తెలిసిన గొంతు వినడం అదే మొదటిసారి.

రబాల్ గొంతు గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. బొంగురుగా, లోపల రాళ్లు దొర్లుతున్నట్టు ఉంటుంది. అసరియాస్‌లో ఆ గొంతుని ఆయన దాదాపు దాచేశాడు. గొణుగుడు, సణుగుడు, పిట్టని పిలిచేటప్పుడు ముద్దు. పెద్ద మాట ఒక్కటీ లేదు. చీకటి పడేవేళ అడవిలో గుడ్లగూబ కూస్తుంటే దాని వెంట పరుగెత్తే ఒక సన్నివేశం ఉంది. దాదాపు అరవై ఏళ్ల మనిషి, చెట్ల మధ్య పిల్లాడిలా పరుగెత్తుతాడు. ఆనందం, భయం రెండూ ఆ ఒంట్లోనే ఉంటాయి. ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో పట్టుకోలేం.

ఇంకొక సన్నివేశం చెప్పాలి. భోజనాల దగ్గర ఒక విదేశీ అతిథి, మీ దేశంలో పల్లె జనం ఇంకా చదువు లేకుండానే ఉన్నారు కదా అన్నట్టు మాట్లాడతాడు. ఇవాన్‌కి పౌరుషం వస్తుంది. పనివాళ్లని పిలిచి, అందరి ముందు కాగితం మీద పేరు రాయమంటాడు. రెగులా వేళ్లు మొద్దుబారిపోయి ఉంటాయి, పెన్సిలు పట్టడమే కష్టం. నాలుక కొరుక్కుంటూ రాస్తుంది. దొర ఆ చేతిని పట్టుకుని అతిథికి చూపిస్తాడు. ఆ పాత్ర వేసిన తెరెలె పావెస్‌ని నేను రబాల్‌తో సమానంగా గుర్తుపెట్టుకున్నాను. మా అమ్మ రేషన్ షాపులో సంతకం పెట్టేటప్పుడు ముఖం అలాగే ఉండేది.

కథ చివరికి వస్తే, చెట్టెక్కి ఎర పావురాన్ని ఆడించే పనిలో పాకో కిందపడి కాలు విరగ్గొట్టుకుంటాడు. మానకముందే ఇవాన్ మళ్లీ తీసుకెళ్తాడు, మళ్లీ విరుగుతుంది. ఇక అసరియాస్‌ని వెంటేసుకుంటాడు. ఆ రోజు పావురాలు రావు. వేట దక్కలేదన్న చిరాకులో, అసరియాస్ వద్దు దొరా వద్దు అని బతిమాలుతుండగానే, ఎగిరి వస్తున్న ఆ పిట్టని కాల్చేస్తాడు. తర్వాత మరోసారి వేటకి వెళ్లినప్పుడు అసరియాస్ చెట్టుమీద నుంచి తాడు వదులుతాడు. ఉచ్చు దొర మెడకి పడుతుంది. పైన కూర్చున్న అసరియాస్ నోట్లో మళ్లీ ఆ పిట్ట పేరే.

బయటికొచ్చాక మా అన్నకీ నాకూ పెద్ద వాదన. ఆయన అప్పటికే ఉద్యమాల్లో తిరుగుతున్నవాడు. “ఇదేం న్యాయంరా? ఒక పిట్ట కోసం చంపిండు. చెల్లెలి బతుకు కోసం కాదు, బావ కాలు కోసం కాదు. గిట్ల ఒక్కడు చంపితే దొరతనం పోతదా?” అన్నాడు. మేమిద్దరం ‘మాభూమి’ చూసి పెరిగినవాళ్లం. జనం గుతుపలు పట్టుకుని గడి మీదికి వెళ్లే దృశ్యాలే మాకు తెలిసిన తిరుగుబాటు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. కానీ నాకు ఆ ముఖం వదల్లేదు. ఉరి వేస్తున్నప్పుడు రబాల్ ముఖంలో కోపం లేదు. పగ తీరిందన్న తృప్తీ లేదు. పిట్ట పోయిన దుఃఖం ఒక్కటే ఉంది, అది తాడు దాకా నడిచి వెళ్లింది. అసరియాస్‌ని కమ్యూనిస్టుగా చూపించాలని ఎవరైనా అనుకుంటే రబాల్ చేయగలిగేవాడు, ఎందుకంటే ఆయన స్వయంగా స్పెయిన్ కమ్యూనిస్టు పార్టీ మనిషే. చేయలేదు. పేదవాణ్ణి తన నమ్మకాలకి జెండాకర్రగా వాడుకోలేదు. ఆయన మీద నాకున్న గౌరవం మొదలైంది అక్కడే, ఇప్పటికీ నిలబడి ఉన్నదీ దాని మీదే.

సినిమా వచ్చిన 1984లోనే కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతిని ఇద్దరికి పంచారు. ఒకరు రబాల్, రెండోవారు పాకో పాత్ర వేసిన అల్ఫ్రెడో లాండా. లాండా స్పెయిన్‌లో చాలా కాలం చవక కామెడీలకి పేరు. ఆయన పేరుమీదే ఆ రకం సినిమాలకి ఒక ముద్ర పడిపోయింది. అలాంటి నవ్వుల నటుడూ, వయసు మీరిన అందగాడూ కలిసి, నేలని వాసన చూసే మనిషిగా, పిట్టతో మాట్లాడే మనిషిగా నిలబడి ఆ బహుమతి తీసుకోవడం స్పెయిన్ వాళ్లకి ఎంత పెద్ద సంగతో నాకు తర్వాత అర్థమైంది.

రబాల్ పుట్టింది 1926 మార్చి 8న, మూర్సియా ప్రాంతంలో, ఆగిలాస్ అనే సముద్రతీరపు ఊరికి దగ్గరలోని క్వెస్తా దె గోస్ అనే చిన్న పల్లెలో. గనుల పల్లె. తండ్రి గనుల్లో పనిచేసేవాడు. పిల్లాడు చిన్నగా ఉండగానే కుటుంబం బతుకుతెరువుకి మాడ్రిడ్ చేరింది. అంతర్యుద్ధం, ఆ తర్వాత ఆకలి రోజులు. వీధుల్లో సరుకులు అమ్మాడు. చాక్లెట్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. పదమూడేళ్లకి బడి మానేసి చమార్టిన్ స్టూడియోలో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు.

ఈ ఒక్క వివరం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. సినిమా నటులు చాలామంది నాటకాల నుంచో, డబ్బున్న ఇళ్ల నుంచో వస్తారు. రబాల్ సెట్టు పైన లైట్ల దగ్గర నుంచి వచ్చాడు. వెలుగు ఎవరి ముఖం మీద పడాలో, ఎంత పడాలో పైనుంచి చూస్తూ పెరిగిన కుర్రాడు. కింద హీరో చెమట తుడుచుకోవడం, హీరోయిన్ డైలాగు మర్చిపోవడం, దర్శకుడు విసుక్కోవడం అన్నీ చూసి ఉంటాడు. మన సారథి స్టూడియోలో, అన్నపూర్ణలో లైట్‌బాయ్‌లని నేను కొద్దిగా ఎరుగుదును. ఒక షాటు ఎందుకు చెడిందో వాళ్లకి తెలిసినంత త్వరగా ఎవరికీ తెలియదు. రబాల్ కెమెరా ముందు ఎప్పుడూ తొందరపడకపోవడానికి, వెలుగులోకి తోసుకుని రాకపోవడానికి ఆ చదువు కూడా ఒక కారణమని నా నమ్మకం.

అక్కడే గుంపులో నిలబడే చిన్నచిన్న వేషాలు దొరికాయి. కవి దామాసో అలోన్సో లాంటివాళ్లు నాటకరంగంలో ప్రయత్నించమని చెప్పారు. నాటకాల్లోనే అసున్సియోన్ బలగెర్ అనే నటి పరిచయమైంది. పెళ్లి చేసుకున్నారు, చివరిదాకా కలిసే ఉన్నారు. 1950లు వచ్చేసరికి స్పెయిన్ తెరమీద ఆయన పెద్ద హీరో. ఆ రోజుల సినిమాల్లో చాలావాటి గురించి పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. ఫ్రాంకో సెన్సారు కింద వచ్చిన కథలు, మంచి జుట్టు, మంచి ఛాతీ.

అసలు మలుపు బున్యుయెల్. అంతర్యుద్ధం తర్వాత దేశం విడిచి మెక్సికోలో స్థిరపడిన లూయిస్ బున్యుయెల్, పెరెస్ గాల్దోస్ నవల ఆధారంగా ‘నసరీన్’ తీస్తూ రబాల్‌ని పిలిపించాడు. క్రీస్తు చెప్పినట్టు అక్షరాలా బతకాలనుకునే ఒక ఫాదర్ కథ. బతకనివ్వరు. దానం చేస్తే దొంగ అంటారు, ఊరికే పనిచేస్తానంటే మిగతా కూలీల కడుపు కొట్టినట్టవుతుంది. చివర్లో ఆయన్ని పట్టుకుని దారివెంట నడిపిస్తుంటే పళ్లమ్మే ఒక ఆడమనిషి అనాసపండు ఇస్తుంది. ముందు వద్దంటాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి తీసుకుంటాడు. డప్పులు మోగుతాయి. అప్పటికి రబాల్‌కి ముప్ఫై రెండేళ్లు. ఆ వద్దనడానికీ తీసుకోవడానికీ మధ్య ఆయన ముఖంలో ఏం జరిగిందో నేను ఎన్నిసార్లు చూసినా పూర్తిగా చెప్పలేను. విశ్వాసం విరిగిందా, ఇప్పుడే మొదలైందా? రెండు రకాలుగా వాదించేవాళ్లూ ఉన్నారు. రబాల్ మాత్రం ఎవరి పక్షానా మొగ్గలేదు. 1959లో కాన్‌లో దానికి బహుమతి వచ్చింది.

రక్తసంబంధం లేకపోయినా వాళ్లిద్దరి మధ్య వరస కలిసింది. రబాల్ బున్యుయెల్‌ని బాబాయ్ అన్నట్టు పిలిచేవాడు, ఆయన ఈయన్ని అన్న కొడుకు అన్నట్టు. ఉత్తరాల్లో కూడా అదే పిలుపు. ఇద్దరి మధ్యా పాతికేళ్లకి పైగా వయసు తేడా.

తర్వాత ‘విరిదియానా’. డాలస్‌లో ఉండే మా బావమరిది డీవీడీ తెచ్చిచ్చాడు. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక చూశాను. పడుచు రబాల్‌ని నేను మొదట చూసింది అందులోనే. ఒక్క క్షణం ఎవరో పోల్చుకోలేకపోయాను. నిగనిగలాడే జుట్టు, కళ్లలో ధీమా, నోట్లో సిగరెట్టు. గొంతు వినగానే తెలిసింది, నా అసరియాస్ అని.

బున్యుయెల్ ఏళ్ల తర్వాత స్పెయిన్ తిరిగొచ్చి తీసిన సినిమా అది. సన్యాసం తీసుకోబోయే విరిదియానాగా సిల్వియా పినాల్, ఆమె పెదనాన్న దోన్ హైమెగా ఫెర్నాండో రే, ఆయనకి బయట పుట్టిన కొడుకు హోర్హెగా రబాల్. తండ్రి పోయాక ఇల్లూ పొలమూ చూసుకోవడానికి హోర్హె వస్తాడు. విరిదియానా ఊళ్లో బిచ్చగాళ్లందర్నీ చేరదీసి ప్రార్థనలు చేయిస్తుంటే, ఇతను కూలీలతో గోడలు కట్టిస్తుంటాడు. ఒక రోజు రోడ్డు మీద గుర్రబ్బండి ఇరుసుకి కట్టేసిన కుక్క పరుగెత్తలేక పరుగెత్తుతుంటే చూసి మనసు కరిగి, డబ్బిచ్చి విడిపిస్తాడు. అతను అటు తిరగ్గానే ఎదురుగా మరో బండి, దాని కింద మరో కుక్క. హోర్హె చూడడు, మనం చూస్తాం. ఒక్క కుక్కని కొన్నందుకు తనలో తాను కాస్త సంతోషపడే మంచి మనిషి ముఖాన్ని రబాల్ ఎంత సూటిగా చూపించాడో! అందులో వెక్కిరింత లేదు. ఆ మంచితనం నిజమే, సరిపోదు, అంతే.

ముగింపు విషయంలో సెన్సారు వాళ్లు అడ్డం చెప్పారు. విరిదియానా హోర్హె గది తలుపు తట్టి లోపలికి వెళ్లడంతో కథ ముగియాలని మొదటి ఆలోచన. కుదరదన్నారు. బున్యుయెల్ మార్చి రాశాడు. ఆమె లోపలికి వస్తే అక్కడ అప్పటికే పనిమనిషి రమోనా ఉంటుంది, ముగ్గురూ కూర్చుని పేకాడతారు. మొదటిదానికంటే ఇదే ఎక్కువ చెప్పేస్తుంది. పేకముక్కలు కలుపుతూ రబాల్ మాట్లాడే తీరు చూడాలి. ఎంత మర్యాదగా, ఎంత తీరిగ్గా!

1961లో కాన్ అగ్ర బహుమతి మరో సినిమాతో కలిపి దీనికి దక్కింది. స్పెయిన్ తరఫున వేదికెక్కి తీసుకున్న సినిమా శాఖ అధికారి ఉద్యోగం ఊడింది. వాటికన్ పత్రిక సినిమాని దుమ్మెత్తిపోసింది. ఫ్రాంకో ప్రభుత్వం నిషేధించింది. ఫ్రాంకో 1975లో పోయాడు, 1977లో గానీ స్పెయిన్ జనం ఆ సినిమాని హాల్లో చూడలేదు. తన అతి మంచి పనుల్లో ఒకదాన్ని సొంత ఊరివాళ్లు పదహారేళ్లు చూడలేకపోవడం ఏ నటుడికైనా ఎలా ఉంటుందో!

ఆ తర్వాత ఆయన ఐరోపా అంతా తిరిగాడు. ఆంటోనియోని ‘లెక్లిస్సె’ మొదట్లో, తెల్లవారుతుండగా మోనికా విట్టి విడిచివెళ్లే ప్రియుడు ఈయనే. ఆ సుదీర్ఘమైన మౌనంలో కుర్చీలోంచి కదలకుండా కూర్చుంటాడు. ఫ్రెంచ్ దర్శకుడు రివెట్ తీసిన ‘లా రెలిజియూజ్’లో ఉన్నాడు. ఇటలీ దర్శకుడు విస్కోంతితో ఒకటి చేశాడు. బున్యుయెల్ 1967లో తీసిన ‘బెల్ దె జూర్’లో గూండా వేషం. బ్రెజిల్ దర్శకుడు గ్లాబెర్ రోషాతో 1970లో చేసిన ‘కబేసాస్ కోర్తాదాస్’లో పతనమైన నియంత. నాకది కొరుకుడు పడలేదు, ఆయన మాత్రం అందులో ఎక్కడా వెనక్కి తగ్గలేదు.

హాలీవుడ్ దాకా వెళ్లాల్సిన దారి ఒక పొరపాటుతో తప్పిపోయింది. విలియం ఫ్రీడ్కిన్ ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’కి విలన్‌గా ‘బెల్ దె జూర్’లో చూసిన ఆ స్పెయిన్ నటుణ్ణి తెమ్మన్నాడు. తెచ్చేవాళ్లు పేరు కలగాపులగం చేసి ఫెర్నాండో రేని ఖాయం చేశారు. విమానాశ్రయంలో గడ్డం దువ్వుకున్న పెద్దమనిషి దిగేసరికి ఫ్రీడ్కిన్‌కి దిమ్మతిరిగింది. చివరికి రేనే ఉంచేశారు, సినిమా అంత గొప్పగానూ వచ్చింది. ‘విరిదియానా’లో తండ్రీకొడుకులుగా వేసిన ఇద్దరు తారుమారయ్యారన్నమాట. ఫ్రీడ్కిన్ మర్చిపోలేదు. 1977లో ‘సార్సరర్’ తీసినప్పుడు రబాల్‌ని పిలిచాడు. పేలుడు పదార్థం లారీల్లో వేసుకుని అడవిదారిలో వెళ్లే నలుగురిలో ఒకడు, నీలో అనే కిరాయి హంతకుడు. పెద్దగా మాటలుండవు. వర్షంలో, ఊగిపోయే తాళ్ల వంతెన దగ్గర ఆ ముఖం చాలు. అప్పటికి నెల ముందే ‘స్టార్ వార్స్’ విడుదలై హాళ్లన్నీ ఆక్రమించింది. దీన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. నాకు మాత్రం ఆ సంవత్సరం వచ్చిన అమెరికా సినిమాల్లో ఇదే మిన్న.

1983 జూలైలో బున్యుయెల్ మెక్సికో నగరంలో పోయాడు. అసరియాస్‌ని ఆయన చూడలేదు. నసరీన్‌తో మొదలైన మనిషి ఎక్కడికి చేరాడో చూసి ఉంటే ఏమనేవాడో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ముడతలు వచ్చాక రబాల్‌లో హీరో పోయి మనిషి మిగిలాడు. కెమెరాకి ఏ పక్క చూపించాలన్న లెక్క పోయింది. ముఖం మీద ఎండ, పొగ, తాగుడు, నవ్వు అన్నీ వచ్చి కూర్చున్నాయి. కాముస్‌తోనే అంతకుముందు చేసిన ‘లా కోల్మేనా’లో యుద్ధం తర్వాతి మాడ్రిడ్ కాఫీ హోటల్లో కాలం గడిపే మనుషుల్లో ఒకడిగా కనిపిస్తాడు. అది 1983లో బెర్లిన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి బంగారు ఎలుగుబంటి తెచ్చుకుంది.

స్పెయిన్ ఇళ్లలో మాత్రం ఆయన్ని ఎక్కువగా తలుచుకునేది 1989లో టీవీలో వచ్చిన ‘హుంకాల్’ వల్ల. ఎద్దుపోరులో ఒకప్పుడు వెలిగి, గాయపడి, ఇప్పుడు జేబు ఖాళీగా, మాటల పోగుతో బతికే ముసలి పోరుగాడు. బూట్లు పాలిష్ చేసే బూఫలో అతని వీరాభిమాని. ఎద్దుల ఆట నాకు నచ్చదు, ఎప్పటికీ నచ్చదు. అయినా ఆ మనిషి అబద్ధాలన్నీ కూర్చుని విన్నాను. మా ఊళ్లో పాత భాగోతం ఆటగాళ్లు అరుగుమీద చేరి, తాము కృష్ణుడు కట్టిన రాత్రుల గురించి చెప్తుంటే కదలకుండా వినేవాళ్లం. హుంకాల్‌ది అదే దర్జా. మరుసటేడు స్పెయిన్ దర్శకుడు ఆల్మొదోవర్ తీసిన ‘ఆతామె’లో చక్రాల కుర్చీలో కూర్చున్న ముసలి సినిమా దర్శకుడిగా వేశాడు. కొత్త తరం దర్శకులు కూడా ఆయన్ని మొక్కుబడిగా కాకుండా పనిలోకి పిలిచారు, ఆయన వచ్చి పనిచేశాడు. బడి మధ్యలో మానేసిన ఆ పిల్లాడికి మూర్సియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ కూడా ఇచ్చింది.

1999లో కార్లోస్ సౌరా ‘గోయా ఎన్ బుర్దెయోస్’ తీశాడు. చిత్రకారుడు గోయా చివరి రోజులు. దేశం విడిచి ఫ్రాన్స్‌లోని బోర్డోలో, చెవుడుతో, తలనొప్పులతో, చిన్న కూతురు రొసారియోకి గతమంతా చెప్తూ గడిపే ముసలాయన. వితోరియో స్తొరారో కెమెరా. గోడలు పలచని తెరల్లా వెలిగి ఆరిపోతుంటాయి, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి కాలం జారుతుంటుంది. ఆ వెలుగులన్నిటి మధ్యలో టోపీ చుట్టూ కొవ్వొత్తులు పెట్టుకుని బొమ్మ వేసే రబాల్. రాత్రి చొక్కాతో వీధిలోకి వెళ్లి దారి తప్పి నిలబడే రబాల్. గోయాగా వేయడం ఆయనకి కొత్త కాదు, 1971లో ఒకసారి వేశాడు. కానీ ఇప్పుడు డెబ్భై మూడేళ్లు. గోయా భయాలు ఆయనకి చేరువలోకి వచ్చాయి. స్పెయిన్ సినిమా అకాడమీ ఇచ్చే బహుమతి పేరు కూడా గోయానే. ఉత్తమ నటుడిగా ఆయనకది 2000లో వచ్చింది.

మా అన్నతో కలిసి చూసిన చివరి రబాల్ సినిమా అదే. ఈసారి వాదన లేదు. సినిమా అయ్యాక, “ముసలోడు నటిస్తలేడురా, లెక్కలు తేల్చుకుంటున్నడు” అని మాత్రం అన్నాడు. అన్న ఇప్పుడు లేడు. ఉండి ఉంటే ఇది రాసేముందు ఆయనకే చదివి వినిపించేవాణ్ణి. తప్పులు పట్టేవాడు, అసరియాస్ గురించి పాత పేచీ మళ్లీ మొదలుపెట్టేవాడు.

2001 ఆగస్టు 29న, మాంట్రియల్ చిత్రోత్సవంలో సన్మానం అందుకుని తిరిగి వస్తూ రబాల్ విమానంలోనే ఊపిరాడక పోయాడు. డెబ్భై అయిదేళ్లు. ఆ విమానం దిగింది బోర్డోలో. గోయా 1828లో కన్నుమూసిన ఊరు. ఈ వార్త చదివిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. పక్కవాళ్లకి చెబుదామంటే రబాల్ ఎవరో చెప్పాలి, అసరియాస్ ఎవరో చెప్పాలి, బర్రెల తాత దాకా వెళ్లాలి. ఊరుకున్నాను. ఆయన చితాభస్మాన్ని పుట్టిన పల్లెలోనే, క్వెస్తా దె గోస్‌లో, ఒక బాదం చెట్టు కింద పెట్టారు.

ఆయన పేరు ఇంట్లోనే కొనసాగింది. కొడుకు బెనితో దర్శకుడు, కూతురు తెరెసా గాయని, నటి. మనవడు లిబెర్తో 1997లో ఆల్మొదోవర్ సినిమాలో హీరోగా వేశాడు. కానీ వాళ్లందరికంటే నాకు ఇష్టమైన సంగతి అసున్సియోన్ బలగెర్‌ది. పెళ్లయ్యాక ఆమె నటన చాలామటుకు పక్కనపెట్టింది. పిల్లలు, ఇల్లు, ఆయన షూటింగులు, ఆయన తిరుగుళ్లు. మన సినిమా ఇళ్లలో కూడా ఇలాంటి ఆడవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్ల పేర్లు వ్యాసాల చివర్లో ఒక వాక్యంలో వస్తాయి. బలగెర్ అక్కడ ఆగిపోలేదు. భర్త పోయాక మళ్లీ రంగస్థలం ఎక్కింది. వరసగా పనిచేసింది. 2012లో మాడ్రిడ్‌లోని తియాత్రో ఎస్పాన్యోల్‌లో వేసిన ‘ఫాలీస్’ సంగీత నాటకంలో పాట పాడింది. అప్పటికి ఆమెకి ఎనభై ఆరేళ్లు. 2019లో పోయేదాకా ఆమెని జనం రబాల్ భార్యగా కాక, అసున్సియోన్ బలగెర్‌గానే చూడటానికి వచ్చారు.